హార్డ్ డిస్క్ మొరాయిస్తే ఏ వరుసలో ఏం చేయాలి

కంప్యూటర్‌లో ర్యామ్ పోతే ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా) పోతే ఎస్‌ఎంపీఎస్, విజయవాడలో గవర్నర్‌పేటకో గుంటూరులో బ్రాడీపేటకో వెళ్తే గంటలో కొత్తది దొరుకుతుంది. హార్డ్ డిస్క్ కూడా దొరుకుతుంది. దొరకనివి దానిలో ఉన్నవే: మాఘమాసంలో తీసిన పెళ్లి ఫొటోలు, మిర్చి యార్డు కొట్టు లెక్కలు, డీటీపీ సెంటర్‌లో ఏళ్ల తరబడి పోగైన ఫైళ్లు. అందుకే డ్రైవ్ దగ్గర “పెట్టి చూద్దాం, పనిచేస్తే చేస్తుంది” అన్న పద్ధతి పనికిరాదు. లోపల డేటా చదివే హెడ్ దెబ్బతిన్న డ్రైవ్‌కి మీరు కరెంటు ఇచ్చిన ప్రతిసారీ డేటా తిరిగొచ్చే అవకాశం కొంత తగ్గిపోతుంది.

కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పుకోండి. ఈ డ్రైవ్‌లో ఉన్నదానికి ఇంకోచోట కాపీ ఉందా? ఉంటే కింద చెప్పిన పరీక్షలన్నీ ధైర్యంగా చేసుకోండి. లేకపోతే మీరు చేయబోయేది రిపేరు కాదు, డేటా బయటికి తీయడం. డ్రైవ్‌ని బాగుచేయాలన్న ఆలోచన ఆ తర్వాతే.

ముందు చెవి పెట్టి వినండి

తిరిగే హార్డ్ డిస్క్ తన జబ్బు తానే చెబుతుంది. గదిలో ఫ్యాన్ ఆపేసి, కంప్యూటర్ ఆన్ చేసి, మొదటి పదిహేను సెకన్లు వినండి. మోటారు మెల్లగా వేగం అందుకుని, ఒకటి రెండు చిన్న చప్పుళ్లు చేసి, సన్నటి ఝుంకారంతో నిలదొక్కుకుంటే యాంత్రికంగా బాగానే ఉన్నట్టు లెక్క.

టక్... టక్... టక్... అని ఒకే లయలో కొట్టుకుని, కాసేపటికి మోటారు ఆగిపోతుంటే, ప్లాటర్ (లోపల తిరిగే పళ్లెం) మీద దారి చూపే గుర్తులను హెడ్లు చదవలేకపోతున్నాయని అర్థం. హెడ్లను మోసే చేయి చివరిదాకా వెళ్లి వెనక్కి రావడమే ఆ చప్పుడు. కరెంటు చాలకపోయినా ఇదే చప్పుడు వస్తుంది, అందుకని కరెంటు సంగతి ఒక్కసారి, ఒకే ఒక్కసారి సరిచూడొచ్చు. చిన్న పోర్టబుల్ డ్రైవ్ సన్నగా బీప్ బీప్‌మంటుంటే, హెడ్లు ప్లాటర్‌కి అతుక్కుపోయో బేరింగ్ బిగుసుకుపోయో మోటారు తిరగలేకపోతోంది. సాధారణంగా చేతిలోంచి జారి కింద పడ్డ డ్రైవ్‌లో వినిపించే చప్పుడిది. ఇనుము గీకినట్టు శబ్దం వస్తే మాత్రం ఆ క్షణమే ప్లగ్గు పీకేయండి. ప్లాటర్ మీది అయస్కాంత పూత పొడిగా రాలుతోంది. ఆ రాలిన భాగంలో ఉన్న డేటాని ఏ ల్యాబూ తేలేదు.

కొట్టుకోవడం, బీప్, గీకడం: కాపీ లేని డ్రైవ్‌లో ఈ మూడింట్లో ఏది వినిపించినా, కరెంటు అనుమానం కూడా తీరిపోయాక, ఇంట్లో చేయాల్సిన పనేమీ లేదు. ఫ్రీజర్‌లో పెడితే పనిచేస్తుందని, అరచేత్తో తడితే తిరుగుతుందని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. మన వాతావరణంలో ఫ్రీజర్ నుంచి బయటికి తీసిన చల్లటి డ్రైవ్ మీద, దాని లోపల కూడా, నిమిషాల్లో తేమ పడుతుంది. హెడ్ ప్లాటర్ మీద ఎగిరే ఎత్తు కొన్ని నానోమీటర్లు. అక్కడ నీటిబొట్టు అంటే కొండ. మూత విప్పి చూడడమూ అంతే, గాలిలో ఎగిరే దుమ్ము రేణువు ఆ సందు కంటే వందల రెట్లు పెద్దది.

ఏ చప్పుడూ లేకపోతే, లేదా చప్పుడు మామూలుగానే ఉండి డ్రైవ్ కనిపించకపోతే, కనిపించి మాయమవుతుంటే, హ్యాంగ్ అవుతుంటే, చాలాసార్లు తప్పు డ్రైవ్‌ది కాదు. తక్కువ ఖర్చున్న చోటి నుంచి మొదలుపెడదాం.

కేబుల్, పోర్టు

కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర స్విచ్ కూడా ఆపి, క్యాబినెట్ పక్క తలుపు తీయండి. చేతిని క్యాబినెట్ ఇనుముకి ఒకసారి తాకించండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది. గుంటూరు యార్డు చుట్టుపక్కల కొట్లలో వాడే సిస్టమ్ అయితే ముందు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. లోపల పేరుకున్నది మామూలు దుమ్ము కాదు, మిరప ఘాటు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, గాలికి వేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. డ్రైవ్ మీద సూదిబెజ్జం అంత రంధ్రం ఉంటే దానిలోకి నేరుగా ఊదకండి, దాని మీద స్టిక్కర్ వేయకండి. లోపలి గాలి ఒత్తిడి సరిచేసుకునే ముక్కు అది.

ఇప్పుడు డ్రైవ్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా డేటా కేబుల్ పీకి, వెలుతురులో పట్టుకుని రెండు కొసలూ చూడండి. లోపల ఎల్ ఆకారంలో గాడి, దాని ఒక వైపు ఏడు పిన్నులు ఉంటాయి. ఏడూ ఒకే ఎత్తులో, ఒకే మెరుపుతో ఉండాలి. ఒకటి లోపలికి కుంగినా, నల్లబడినా ఆ కేబుల్ పని అయిపోయినట్టే. తర్వాత డ్రైవ్ వైపు చూడండి. అక్కడ పిన్నులను మోసే సన్నటి ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. కేబుల్‌ని పక్కకి వంచి లాగితే విరిగేది అదే. కొసన నొక్కే క్లిప్ ఉంటే నొక్కి, నిటారుగా లాగాలి. నాలుక విరిగి కేబుల్ లోపలే ఉండిపోయినా కంగారు పడొద్దు. పిన్నులు డ్రైవ్‌కే ఉంటే, ఆ కేబుల్‌ని అలాగే కదలకుండా తగిలించి డేటా కాపీ చేసుకోవచ్చు.

చూపుకి బాగున్న కేబుల్ కూడా లోపల తెగి ఉండొచ్చు. అందుకే మంచిదని తెలిసిన ఇంకో కేబుల్ వేసి, మదర్‌బోర్డులో వేరే పోర్టుకి మార్చి చూడండి. రెండూ ఒకేసారి మార్చితే తప్పు దేనిదో తెలియదు. ముందు కేబుల్, తర్వాత పోర్టు. సాటా కేబుల్ పొడవు మీటరు దాటకూడదు, అర మీటరు లోపుదైతే మంచిది. మడత దగ్గర పదునుగా వంచి టై బిగించిన కేబుళ్లే ఎక్కువగా తప్పు చేస్తాయి. చెడిపోయిందని తేలిన కేబుల్‌ని డ్రాయర్‌లో పడేయకండి, కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేయండి. లేకపోతే ఆరు నెలలకి అదే కేబుల్ ఇంకో డ్రైవ్‌కి తగులుతుంది.

పోర్టబుల్ డ్రైవ్‌కైతే కేబుల్‌ది ఇంకా పెద్ద పాత్ర. ఫొటో స్టూడియోల్లో వాడే వెడల్పాటి రెండు గదుల యూఎస్‌బీ 3.0 మైక్రో బీ పోర్టు రోజూ పెట్టి తీయడం వల్ల వదులవుతుంది. కేబుల్ కొస కాస్త కదిపితే డ్రైవ్ వచ్చి పోతుంటే ఇదే కారణం. ముందు కొత్త కేబుల్, అదీ పొట్టిది, కొనండి. అప్పటికీ కదిలితే పోర్టు సోల్డరింగ్ వదిలింది, మొబైల్ రిపేరు చేసేవాళ్లు చక్కగా అతికించగలరు.

కరెంటు

డెస్క్‌టాప్‌లో వాడే 3.5 అంగుళాల డ్రైవ్‌కి రెండు వోల్టేజీలు కావాలి: మోటారుకి 12, బోర్డుకి 5. ల్యాప్‌టాప్ రకం 2.5 అంగుళాల డ్రైవ్‌కి 5 వోల్టులు చాలు. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే నాలుగు పిన్నుల మోలెక్స్ కొసలో కొలవండి. నల్ల తీగకీ పసుపు తీగకీ మధ్య 11.4 నుంచి 12.6 లోపు, నల్ల తీగకీ ఎర్ర తీగకీ మధ్య 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. డ్రైవ్ తగిలించకుండా కొలిస్తే లాభం లేదు. క్యాబినెట్‌తో పాటు వచ్చిన చౌక ఎస్‌ఎంపీఎస్ ఖాళీగా ఉన్నప్పుడు 12 చూపించి, డ్రైవ్ మోటారు లాగగానే 11కి పడిపోతుంది. డ్రైవ్ తిరగడం మొదలుపెట్టే ఆ మూడు నాలుగు సెకన్లలో మీటరు ఎంత చూపిస్తోందో చూడండి. అక్కడ పడితే ఎస్‌ఎంపీఎస్ మార్చండి, డ్రైవ్‌ని నిందించకండి.

ఒక కొసని రెండుగా చీల్చే కన్వర్టర్లలో, కొసలో ప్లాస్టిక్ కరిగించి పోసిన రకం కొనొద్దు. దానిలో తీగలు జరిగి షార్ట్ అయి కాలిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. తీగలు విడివిడిగా గుచ్చి మూత పెట్టిన రకం తీసుకోండి.

ఒక్కోసారి కొత్త డ్రైవ్ పాత ఎస్‌ఎంపీఎస్‌కి తగిలిస్తే అసలు తిరగదు, అదే డ్రైవ్ వేరే చోట బాగా పనిచేస్తుంది. ఎక్స్‌టర్నల్ డబ్బాలోంచి తీసిన పెద్ద డ్రైవ్‌లలో ఇది సామాన్యం. సాటా పవర్ కొసలో ఉన్న 15 పిన్నుల్లో మూడోది ఇప్పటి ప్రమాణంలో డ్రైవ్‌ని రిమోట్‌గా ఆపడానికి వాడతారు. పాత ఎస్‌ఎంపీఎస్‌లు ఆ పిన్నుకి 3.3 వోల్టులు ఇస్తాయి, డ్రైవ్ దాన్ని “ఆగిపో” అన్న ఆజ్ఞగా తీసుకుంటుంది. మోలెక్స్ నుంచి సాటాకి మార్చే కన్వర్టర్ వేస్తే చాలు, దానిలో 3.3 వోల్టుల తీగ ఉండదు.

యూఎస్‌బీ డ్రైవ్‌ల లెక్క వేరు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900. పోర్టబుల్ డ్రైవ్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది. అందుకే క్యాబినెట్ ముందు పోర్టులో టక్ టక్‌మనే డ్రైవ్ వెనక పోర్టులో మామూలుగా నడవొచ్చు. ముందు పోర్టు లోపలినుంచి సన్నటి తీగతో వస్తుంది, దారిలోనే వోల్టేజీ తగ్గిపోతుంది. టక్ టక్ విన్నప్పుడు సరిచూడాల్సింది ఇదే: మదర్‌బోర్డు వెనక పోర్టు, పొట్టి కేబుల్, మధ్యలో హబ్ లేకుండా, ఒక్కసారి.

విడి అడాప్టర్‌తో నడిచే డెస్క్‌టాప్ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఉన్నవాళ్లు ఈ పని ఇవాళే చేయండి. అడాప్టర్ మీద, డ్రైవ్ డబ్బా మీద ఒకే రంగు టేపు అంటించండి. ల్యాప్‌టాప్ అడాప్టర్ 19 వోల్టులు, డ్రైవ్‌ది 12. రెండింటి పిన్ను ఒకేలా ఉండి దూరిపోతుంది. ఒక్కసారి తప్పుగా పెడితే చాలు, డ్రైవ్ చచ్చినట్టు పడిపోతుంది.

బోర్డు

అలా పడిపోయిన డ్రైవ్‌లో డేటా చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది. డ్రైవ్ కింది ఆకుపచ్చ బోర్డు మీద, పవర్ కొసకి దగ్గర్లో, టీవీఎస్ డయోడ్లు రెండు ఉంటాయి: ఒకటి 12 వోల్టులకి, ఒకటి 5కి. ఎక్కువ వోల్టేజీ వస్తే అవి షార్ట్ అయి మిగతా బోర్డుని కాపాడతాయి. డ్రైవ్‌కి కరెంటు లేకుండా, మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి డయోడ్ రెండు కొసలా తాకించండి. తర్వాత మీటరు తీగల కొసలు తారుమారు చేసి మళ్లీ తాకించండి. రెండు వైపులా బీప్ వస్తే అది షార్ట్ అయింది. దాన్ని తీసేస్తే డ్రైవ్ తిరగొచ్చు, కానీ ఇక రక్షణ లేదు. మంచి ఎస్‌ఎంపీఎస్‌కి తగిలించి డేటా కాపీ చేసుకునే వరకే ఆ డ్రైవ్‌ని వాడండి. చిన్న భాగాల సోల్డరింగ్ చేయి తిరిగినవాళ్లతోనే ఈ పని చేయించండి.

అదే మోడల్ డ్రైవ్ ఇంకోటి తెచ్చి బోర్డు మార్చేస్తే సరిపోతుందన్నది పాతకాలపు మాట. ఇప్పుడు ప్రతి డ్రైవ్‌కీ తన హెడ్ల కొలతలు, తన సర్దుబాట్లు బోర్డు మీద ఉన్న చిన్న మెమరీ చిప్‌లో విడిగా రాసి ఉంటాయి. బోర్డు మార్చేవాళ్లు పాత బోర్డు నుంచి ఆ ఎనిమిది కాళ్ల చిప్‌ని తీసి కొత్తదానికి అతికించాలి. ఆ మాట ఎత్తకుండా బోర్డు మారుస్తామనే చోట డ్రైవ్ ఇవ్వకండి. కొన్ని పోర్టబుల్ డ్రైవ్‌లలో బోర్డుకే యూఎస్‌బీ పోర్టు సోల్డర్ చేసి ఉంటుంది, లోపల సాటా పిన్నులే ఉండవు. మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి రాసే రకాలూ ఉన్నాయి. అలాంటివాటిలో పాత బోర్డు పారేస్తే డేటా తలుపుకి తాళంచెవి పారేసినట్టే.

మీరు స్వయంగా చేయగలిగింది ఒకటి ఉంది: బోర్డు కింద నల్లబడ్డ పాదాలు (తాకుడు కోసం ఉండే చిన్న లోహపు బిళ్లలు) తుడవడం. నాలుగైదేళ్లు నడిచిన 3.5 అంగుళాల డ్రైవ్ తిరుగుతూ, తరచూ తప్పులు చూపిస్తుంటే ఇది చూడదగ్గదే. ముఖ్యంగా తేమ, గాలి ఆడని గదుల్లో ఉన్న సిస్టమ్‌లకి. నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్ల సెట్ కావాలి. బోర్డు స్క్రూలు మాత్రమే విప్పండి, పైమూత జోలికి వెళ్లొద్దు. బోర్డు తిప్పి చూస్తే హెడ్ కనెక్టర్ ఆనే చోట రెండు మూడు వరుసల్లో చిన్న చిన్న పాదాలు కనిపిస్తాయి. మెరవాల్సినవి మసిలా నల్లగా ఉంటే, తెల్లటి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా, ఒకే దిశలో రుద్దండి. నలుపు రబ్బరుకి అంటుకుని కింద లోహం మెరుస్తుంది. రాలిన రబ్బరు పొడిని మెత్తటి బ్రష్‌తో దులిపి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. థిన్నర్, పెట్రోలు, గరుకు కాగితం వాడొద్దు. మధ్యలో ఉన్న స్పాంజి ముక్కని మళ్లీ అక్కడే పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి.

స్మార్ట్ అంకెలు చదవడం

డ్రైవ్ కనిపిస్తుంటే తర్వాతి మెట్టు స్మార్ట్ రిపోర్టు, అంటే డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చాలు, డబ్బు కట్టక్కర్లేదు. తెరవగానే ఒక మార్పు చేసుకోండి: ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, దానిలో రా వాల్యూస్, అక్కడ 10 డెక్ అన్నది ఎంచుకోండి. మొదట అది అంకెలను హెక్సాలో (పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతి) చూపిస్తుంది, దాన్ని మామూలు అంకె అనుకుని పొరబడేవాళ్లు ఎక్కువ.

చూడాల్సిన వరుసలు నాలుగే. 05 అంటే చెడిపోయి, వేరే చోటికి మార్చేసిన సెక్టార్ల (డేటా రాసే చిన్న గడుల) లెక్క. సీ5 అంటే చదవడం కుదరక తేలకుండా ఉన్న సెక్టార్లు. సీ6 సరిచేయలేనివి. ఈ మూడూ సున్నా ఉండాలి. 05లో 8 అనో 16 అనో ఉండి నెలల తరబడి కదలకపోతే, ఆ డ్రైవ్‌ని అప్రధానమైన పనికి వాడుకోవచ్చు. నిన్న 8, ఇవాళ 40 అయితే ఇక దానిమీద ఏమీ రాయకండి, కాపీ మొదలుపెట్టండి. అంకె కన్నా అది పెరిగే వేగమే ఎక్కువ చెబుతుంది. సీ5 పెరుగుతున్న డ్రైవ్ ఇంకా ప్రమాదం, ఎందుకంటే అవి ఇప్పుడు మీ ఫైళ్లున్న సెక్టార్లే కావచ్చు.

సీ7 వేరే జాతి. అది డ్రైవ్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో చెడిన డేటా లెక్క, అంటే కేబుల్. ఈ అంకె ఒకసారి పెరిగితే మళ్లీ తగ్గదు, కేబుల్ మార్చినా పాత అంకె అలాగే ఉంటుంది. అంకె రాసిపెట్టుకుని, కేబుల్ మార్చి, పదీ ఇరవై గిగాబైట్లు కాపీ చేసి మళ్లీ చూడండి. ఆగిపోతే తప్పు కేబుల్‌దే. బాగున్న డ్రైవ్‌ని ఈ అంకె చూసి పారేయొద్దు.

సీగేట్ డ్రైవ్‌లలో 01, 07 వరుసల్లో కోట్లలో అంకెలు కనిపిస్తే భయపడకండి. ఆ కంపెనీ ఆ అంకెలో మొత్తం చదివిన సార్లను కూడా కలిపి రాస్తుంది. వేడి చూడండి. చాలా డెస్క్‌టాప్ డ్రైవ్‌లకి కంపెనీ చెప్పే హద్దు 60 డిగ్రీలు. రోహిణి కార్తెలో బెజవాడ గది 40 ఉంటే, గాలి ఆడని క్యాబినెట్‌లో డ్రైవ్ 50 దాటడం వింత కాదు. ముందువైపు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి బిగిస్తే వేడి బాగా దిగుతుంది.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ కూడా సాక్ష్యం ఇస్తుంది. డిస్క్ పేరుతో ఉన్న 7 నంబరు బ్యాడ్ బ్లాక్. 153 అంటే చదవడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చింది. 11, 129 కనిపిస్తే కేబుల్, కంట్రోలర్, కరెంటు వైపు చూడండి.

కాపీ తీయడం

స్మార్ట్ అంకెలు చెడ్డగా ఉన్నాయి, డ్రైవ్ ఇంకా బతికే ఉంది. ఇక్కడ అందరూ చేసే తప్పు చెక్‌డిస్క్ నడపడం. చెక్‌డిస్క్ ఫైల్ సిస్టమ్‌ని సరిచేయడానికి పుట్టింది, మీ ఫొటోలు కాపాడడానికి కాదు. చావబోతున్న డ్రైవ్ మొత్తాన్ని చదివించి, అర్థంకాని ఫైళ్లను ముక్కలు చేసి పక్కన పడేస్తుంది. విండోస్ “ఫార్మాట్ చేయాలా”, “స్కాన్ చేసి సరిచేయాలా” అని అడిగితే రెండింటికీ వద్దనండి.

కావాల్సినవి: పాతదానికి సమానమైన లేదా పెద్దదైన ఖాళీ డ్రైవ్, సిస్టమ్‌రెస్క్యూ (పెన్ డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) వేసిన పెన్ డ్రైవ్, విడిగా ఇంకో పెన్ డ్రైవ్. పాత డ్రైవ్‌ని వీలైతే నేరుగా సాటాకి తగిలించండి. యూఎస్‌బీ కన్వర్టర్లు చదవలేని సెక్టార్ రాగానే బిగుసుకుపోతాయి. డ్రైవ్ మీద చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి.

సిస్టమ్‌రెస్క్యూతో బూట్ చేసి, డ్రైవ్‌ల జాబితాలో ఏది పాతది, ఏది కొత్తదో సైజు, మోడల్, సీరియల్ నంబరుతో సరిచూసి కాగితం మీద రాసుకోండి. రెండూ తారుమారైతే ఖాళీ డ్రైవ్ వచ్చి మీ డేటా మీద పడుతుంది, వెనక్కి తీసుకోలేరు. ఇక్కడ ఇంకొకరిని పిలిచి చదివించుకోవడం మంచిది.

వాడే ప్రోగ్రామ్ జీఎన్‌యూ డీడీరెస్క్యూ. దాన్ని రెండు విడతల్లో నడపండి. మొదటి విడతలో ఎన్ ఆప్షన్: సులువుగా వచ్చేదంతా తెచ్చుకుని, మొండికేసిన చోట ఆగకుండా దాటిపోతుంది. రెండో విడతలో డీ, ఆర్3 ఆప్షన్లు: వదిలేసిన చోట్లకి వెళ్లి మూడుసార్లు ప్రయత్నిస్తుంది. రెండింటికీ ఒకే మ్యాప్ ఫైలు ఇవ్వాలి. ఎక్కడిదాకా వచ్చిందో దానిలోనే ఉంటుంది, కరెంటు పోయినా అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఆ మ్యాప్ ఫైలుని విడిగా పెట్టిన పెన్ డ్రైవ్‌లో దాచండి. బూట్ చేసిన సిస్టమ్‌లోనే వదిలేస్తే అది ర్యామ్‌లో ఉంటుంది, సిస్టమ్ ఆగగానే పోతుంది. యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

బాగున్న 1 టీబీ హార్డ్ డిస్క్ మొత్తం చదవడానికి రెండు మూడు గంటలు పడుతుంది. జబ్బు డ్రైవ్‌కి రోజులు పట్టొచ్చు. మధ్యలో కొత్తగా టక్ టక్ మొదలైతే ఆపేయండి, అప్పటివరకు వచ్చింది మీదే. కాపీ ముగిశాక పాత డ్రైవ్ పక్కన పెట్టేసి, పోయిన ఫైళ్లు, పార్టిషన్లు వెతికే ఫొటోరెక్, టెస్ట్‌డిస్క్, చెక్‌డిస్క్ ఏది నడపాలన్నా కొత్తదాని మీదే నడపండి.

ఎస్‌ఎస్‌డీ అయితే

తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌ల మీద డేటా రాసే ఎస్‌ఎస్‌డీ చప్పుడు చేయదు, ముందుగా చెప్పదు. నిన్న రాత్రి పనిచేసి తెల్లారేసరికి కనిపించదు. కరెంటు హఠాత్తుగా పోయాక కనిపించకుండా పోయిన సాటా ఎస్‌ఎస్‌డీకి ఒక ఉపాయం ఉంది. డేటా కేబుల్ పీకి పవర్ మాత్రమే ఇచ్చి 20 నిమిషాలు వదిలేయండి. పవర్ తీసి 30 సెకన్లు ఆగి, మళ్లీ 20 నిమిషాలు ఇవ్వండి. లోపలి కంట్రోలర్ తన పట్టికలను తిరిగి కట్టుకునే సమయం అది. లేచి వస్తే వెంటనే కాపీ చేసుకోండి. బయోస్‌లో డ్రైవ్ అసలు పేరు బదులు సాటాఫర్మ్ ఎస్11 అని కనిపిస్తే, కంట్రోలర్ తన ఫర్మ్‌వేర్‌ని (తనను నడిపే లోపలి ప్రోగ్రామ్‌ని) ఎక్కించుకోలేకపోయిందని అర్థం, ఈ ఉపాయం దానికి సాధారణంగా పనికిరాదు.

ఎం.2 కార్డు (మదర్‌బోర్డు మీదే గుచ్చే సన్నటి ఎస్‌ఎస్‌డీ) కనిపించకపోతే ముందు స్లాట్ చూడండి. ఇవి సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు. సాటా రకం ఎం.2ని ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాట్‌లో పెట్టినా దూరుతుంది, పనిచేయదు. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 వాడగానే రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి, మాన్యువల్‌లో ఆ పట్టిక ఉంటుంది. కార్డుని ఏటవాలుగా చివరిదాకా తోసి, కిందికి వంచి, స్క్రూ బిగించాలి. స్క్రూ లేకుండా వదిలేస్తే పైకి లేచి పట్టు వదులుతుంది. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో విండోస్ వేసేటప్పుడు డ్రైవ్ కనిపించకపోతే డ్రైవ్ బాగానే ఉండొచ్చు. బయోస్‌లో వీఎండీ (డ్రైవ్‌లను ఇంటెల్ సొంత పద్ధతిలో నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉండొచ్చు, అప్పుడు దానికి సరిపడే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ ఇవ్వాలి.

కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు. బయోస్ మార్పులు చేసే ముందు మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉన్న 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోండి. ఇంకో మాట, పాత ఫొటోలు దాచడానికి ఎస్‌ఎస్‌డీని బీరువాలో ఏళ్ల తరబడి పెట్టకండి. కరెంటు లేకుండా ఉంటే దానిలోని ఛార్జి మెల్లగా కారిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా.

నీళ్లలో మునిగితే

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు కంప్యూటర్లూ మునిగాయి. అలాంటి హార్డ్ డిస్క్‌ని ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయర్ పట్టడం, బియ్యంలో పూడ్చడం మూడూ తప్పే. బురదనీరు ప్లాటర్ మీద ఆరితే ఒండ్రు గట్టిపడి అతుక్కుంటుంది, తర్వాత శుభ్రం చేయడం చాలా కష్టం. డేటా కావాలనుకుంటే ఆరనివ్వకండి. తడిగుడ్డలో చుట్టి, జిప్ కవర్‌లో మూసి, వెంటనే ల్యాబుకి పంపండి. కరెంటు మాత్రం ఇవ్వొద్దు. ఎస్‌ఎస్‌డీ, పెన్ డ్రైవ్‌లలో తిరిగే భాగాలు లేవు. వాటిని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి చూడొచ్చు.

ల్యాబుకి ఇచ్చే ముందు

మూడు విషయాలు అడగండి. డ్రైవ్‌ని ఎక్కడ విప్పుతారు, దుమ్ము దాదాపు లేని ఐఎస్‌ఓ క్లాస్ 5 గాలి ఉన్న చోటా, మామూలు టేబుల్ మీదా? డేటా రాకపోతే డబ్బు ఎంత? తెచ్చిన ఫైళ్ల జాబితా చూపించాకే డబ్బు కట్టొచ్చా? మూడింటికీ జవాబు కాగితం మీద తీసుకోండి, డ్రైవ్ సీరియల్ నంబరు దాని మీద రాయించండి. హైదరాబాదుకో చెన్నైకో కొరియర్ పంపాల్సి వస్తే యాంటీ స్టాటిక్ కవర్‌లో పెట్టి, అన్ని వైపులా కనీసం రెండు అంగుళాల స్పాంజి వేయండి. వారంటీ ఉందని కంపెనీకి పంపితే మార్చి ఇచ్చేది వేరే డ్రైవ్, మీ డేటా తిరిగి రాదు.

కొత్త డ్రైవ్ తెచ్చాక

డేటా ఎక్కించే ముందే స్మార్ట్ చూడండి. కొత్తదని అమ్మిన దానిలో పనిచేసిన గంటలు వందల్లో, వేలల్లో ఉంటే అది కొత్తది కాదు. సీసీటీవీ డీవీఆర్‌ల నుంచి తీసిన డ్రైవ్‌లు లేబుల్ తుడుచుకుని సంతలోకి వస్తుంటాయి, వాటిలో గంటల లెక్క చెరిపేసినవీ ఉంటాయి. అందుకని సీరియల్ నంబరుని కంపెనీ సైటులో వేసి వారంటీ ఎప్పటిదాకా ఉందో కూడా చూడండి. 3 టీబీ డ్రైవ్ పాత సిస్టమ్‌లో 746 జీబీగా కనిపిస్తే డ్రైవ్ పాడవలేదు, 2 టీబీ దాటి లెక్కపెట్టలేని పాత కంట్రోలర్‌ది ఆ తప్పు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీ రకంగా (2 టీబీ దాటిన డ్రైవ్‌నీ పూర్తిగా వాడనిచ్చే పద్ధతి) మొదలుపెట్టి, త్వరగా అయ్యే క్విక్ ఫార్మాట్ కాకుండా మొత్తం ఫార్మాట్ చేయండి, ప్రతి సెక్టార్‌నీ ముట్టుకుని చూస్తుంది. పెద్ద డ్రైవ్‌కి రాత్రంతా పడుతుంది. పొద్దున్నే మళ్లీ 05, సీ5, సీ6 చూడండి. సున్నా నుంచి ఒక్కటి కదిలినా అదే రోజు బిల్లుతో షాపుకి తీసుకెళ్లి మార్పించుకోండి.